నూట పదిహేడో రికార్డు

జూన్ 3, సోమవారం

సంతకం పెట్టేశాను. కాగితంలో ఆఖరి వాక్యం ఇది: ‘నేను చదవబోయే రికార్డుల్లో నా బంధువులవి గానీ నాకు బాగా తెలిసినవారివి గానీ లేవు.’ పెద్ద డాక్టరమ్మ ఫోన్లో మాట్లాడుతూనే దాన్ని నా వైపు జరిపారు. చదివినట్టు ఒక నిమిషం చూసి పెట్టేశాను. 

అబద్ధమా అంటే అబద్ధమే. మొత్తం రెండు వందల పన్నెండు రికార్డులు, అన్నీ మా ఆసుపత్రి మూర్ఛ వార్డులో పాత రోజుల్లో తీసినవి. వాటిలో అక్కది లేకుండా ఎలా ఉంటుంది? పదకొండేళ్ల కిందట మూడు రోజులు ఆ వార్డులోనే, తల నిండా వైర్లతో, కిటికీ పక్క మంచం మీద ఉంది. పక్కన కుర్చీలో నేను.

ఈ రెండు వందల పన్నెండు మందిలో కొందరు ఆ తరవాత నిద్రలో ఉన్నట్టుండి పోయారు. మిగతావాళ్లు ఇంకా ఉన్నారు. ఎవరు పోయారో ఎవరు ఉన్నారో చదివేవాళ్లకు చెప్పరు. పేరు, వయసు, వీడియో, శబ్దం ఏవీ ఉండవు. ఒక అంకె, దాని కింద గీతలు, అంతే. ఫిట్ ఆగిపోయాక మెదడు గీత ఎంతసేపు చదునుగా పడి ఉంది, ఊపిరి ఎంతసేపు నిలిచిపోయింది, గుండె ఏం చేసింది, ఇవి చూసి ప్రమాదం ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మేం రాయాలి. ఆఖర్న అసలు జాబితా తెరిచి పోలుస్తారు. ఇలాంటి చావును ముందుగా కనిపెట్టగలమా లేదా అన్నది అప్పుడు తేలుతుంది.

నాకు తెలిసిన సంగతి నాకే ఎందుకు చెప్పుకుంటున్నానో. సంతకానికి సంజాయిషీ కాబోలు. నాకు కావలసింది ఒక్కటే. అక్క గీతల్లో అది కనిపించేదా?

జూన్ 4

రెండు చదివాను. కుర్చీ నడుము విరిచేస్తోంది.

జూన్ 12, బుధవారం

ప్రతి రికార్డునూ ఇద్దరు విడివిడిగా చదవాలి, ఒకరు రాసింది ఒకరు చూడకూడదు. రెండో ఆమె గోడకి అవతలి గదిలో ఉంటుంది. నాకన్నా ఏడేళ్లు చిన్నది, చురుకైన పిల్ల. నేను పెట్టిన పేరు రెండో కన్ను. తను నాకు ఏం పేరు పెట్టిందో తెలియదు గానీ పెట్టకుండా మాత్రం ఉండదు. ఎదురుపడితే ‘అక్కా’ అంటుంది. మొదటి రోజు ఆ పిలుపుకి ఉలిక్కిపడ్డాను. ఇప్పుడు అలవాటైంది.

ఈ రోజు నాలుగు పూర్తి చేశాను. ముప్పై ఆరులో ఒక వైరు ఊడింది. ముప్పై ఏడులో ఎవరో గంటసేపు ఏదో నమిలారు. ముప్పై ఎనిమిదిలో నవ్వో దగ్గో, గీతలన్నీ నల్లగా అలుక్కుపోయాయి. ముప్పై తొమ్మిదిలో గురక. ఇలాంటి ముక్కల్ని కత్తిరించి పక్కన పడెయ్యడం నాకు చేతికొచ్చిన పని. మధ్యాహ్నానికే నాలుగూ అయిపోయాయి. ఏ ఒక్కటీ అక్కది కాదు. చూడగానే తెలియదా ఏమిటి?

జూన్ 27

తెలుస్తుందనే అనుకుంటున్నాను. తొంభై దాటాను.

జూలై 2, మంగళవారం

దొరికింది.

జూలై 3

నిన్న రాయలేకపోయాను. నూట పదిహేడు.

మనిషి మెలకువగా ఉన్నప్పుడల్లా ఎడమ వైపు గీతల మీద ఒక సన్నటి వణుకు, ఆగి ఆగి వస్తుంది. కొత్తవాళ్లయితే మెదడులో ఏదో తేడా అనుకుంటారు. మెదడుది కాదు, మంచం ఊగుతోంది. ఎవరో పడుకుని కాలు ఊపుతున్నారు.

అక్క కాలు ఊపేది. తింటూ ఊపేది, చదువుతూ ఊపేది, నామీద కోపమొస్తే ఇంకా గట్టిగా ఊపేది. మా బల్ల మీద గ్లాసులో నీళ్లు ఎప్పుడూ స్థిమితంగా ఉండేవి కావు. ‘కాలు ఊపకే’ అనడం అమ్మకి ఊపిరి పీల్చడమంత అలవాటు. అక్క పోయాక కూడా ఒకటి రెండుసార్లు బల్ల దగ్గర ఆ మాట ఆవిడ నోట్లోంచి వచ్చేసింది. నేను కాలు ఊపనని ఇద్దరికీ తెలుసు.

ఫిట్ డెబ్బై నాలుగు సెకన్లు. ఆ రోజు వార్డు గోడ మీది గడియారం చూసి నేను లెక్కపెట్టింది నిమిషంపావు. ఒక సెకను నా భయం తినేసి ఉంటుంది. ఇంకేం కావాలి?

ఫిట్ ఆగాక గీతలన్నీ చదునైపోయాయి. ఊపిరి గీత పంతొమ్మిది సెకన్లు కదల్లేదు. తెరకి పది సెకన్లు పడతాయి. ఒక తెర పూర్తిగా ఖాళీ, దాని తరవాతి తెర దాదాపు ఖాళీ. అప్పుడొచ్చింది, పెద్ద ఊపిరి. గదిలో నేను ‘హమ్మయ్య’ అని పైకే అనేశాను. పదకొండేళ్ల కిందటి ఊపిరికి.

జూలై 9

మళ్ళీ చూశాను.

జూలై 10

మళ్ళీ. ప్రతిసారీ ఊపిరి తిరిగొస్తుంది. ఒక్కసారి కూడా మాట తప్పలేదు.

జూలై 11

ఇవాళ చూడలేదు.

అబద్ధం. చూశాను.

జూలై 16, మంగళవారం

అమ్మకి అనుమానం వచ్చింది. నెల రోజులుగా ఇస్త్రీ బట్టలు, పొద్దున్నే హుషారు, డబ్బాలో మెతుకైనా మిగలకపోవడం. ఇవాళ గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే, ముఖం పక్కకి తిప్పుకుని, ఏమీ పట్టనట్టు, “ఎవరైనా ఉంటే చెప్పవే. నేనేం అడ్డుపడను” అంది. ముప్పై మూడేళ్లొచ్చాక అడ్డుపడితే మాత్రం ఆగుతానా? అలాంటిదేలే అని వచ్చేశాను. పాపం, దారి పొడుగునా నాకే నవ్వొచ్చింది.

అమ్మ మరీ తప్పేం అనుకోలేదు. భోజనాల వేళ అందరూ కిందికి వెళ్లాక తలుపు దగ్గరకి వేసి నూట పదిహేడు పెట్టుకుంటాను. ఫిట్ దగ్గరికి వెళ్లను, దానికి ముందు రోజు సాయంత్రం పెడతాను. ఏమీ జరగని గంటలు. కాలు ఊపుతుంది, ఆపుతుంది, కళ్లు మూసుకుంటుంది. గుండె నింపాదిగా కొట్టుకుంటుంది. నేను డబ్బా మూత తీసి, దానితో పాటు తింటాను. ఇంత హాయిగా భోజనం చేసి ఎన్నేళ్లయిందో.

నాకు అక్క కావాలి. ఇంత మామూలు మాట రాయడానికి సగం పుస్తకం పట్టింది.

జూలై 21, ఆదివారం

ఇంట్లో ఉన్నాను. సెలవంటే చిరాకు పుడుతోంది.

వార్డు నుంచి వచ్చాక ఎనిమిది నెలలు అక్క గదిలోనే పడుకున్నాను. పడుకున్నానా? అది కదిలితే లేచేదాన్ని, కదలకపోతే ఇంకా తొందరగా లేచేదాన్ని. ఒక రోజు అక్క నా దిండు తీసుకెళ్లి హాల్లో పడేసింది. “నాకు చెల్లెలు కావాలి గానీ నర్సు వద్దు. ఒక మనిషిలాగా ఒక్కదాన్నే పడుకోనివ్వు” అంది. నవ్వుతూనే అంది. కాలు మాత్రం గట్టిగా ఊపుతూ అంది. సరేనన్నాను. నిజం రాయాలంటే, నాకూ కంటినిండా నిద్ర కావలసొచ్చింది.

అది శుక్రవారం. సోమవారం పొద్దున ఎంతకీ లేవలేదని తలుపు తీసింది నేనే.

అమ్మ ఒకే ఒక్కసారి అంది, “నువ్వు పక్కనే ఉండి ఉంటే” అని. వాక్యం పూర్తి చెయ్యలేదు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ మిగతా సగం పదేళ్లుగా నేనే పూర్తి చేసుకుంటున్నాను, రోజుకొక రకంగా. ఇప్పటికీ హాల్లోనే పడుకుంటాను. ఆ గదిలో ఇస్త్రీ బల్ల ఉంది.

ఆగస్టు 1, గురువారం

నెల రోజులుగా నూట పదిహేడుకి ఏమీ రాయకుండా దాటేస్తూ వచ్చాను. ఇవాళ నూట యాభై దాకా అన్నీ అప్పజెప్పమని లెక్కలాయన కబురు పంపాడు. మేం రాసినవన్నీ సంఖ్యలుగా మార్చి పోల్చి చూసేది ఆయనే. ఎప్పుడు చూసినా పెన్ను చెవి మీదే ఉంటుంది, పెన్ను కనబడలేదని అందరినీ అడుగుతుంటాడు.

‘తక్కువ’ అని రాశాను.

పంతొమ్మిది సెకన్లు మరీ ఎక్కువేం కాదు. గీత పూర్తిగా చదును కాలేదు, దగ్గరగా పెట్టి చూస్తే సన్నటి అలికిడి ఉంది. గుండె బాగుంది. న్యాయంగానే రాశాను.

తక్కువ అయితే ఆ రోజు ఎవరు చూసినా కనిపెట్టలేకపోయేవాళ్లు. గది మారి హాల్లో పడుకున్న మనిషి మాట సరేసరి.

న్యాయంగానే రాశాను.

ఆగస్టు 6, మంగళవారం

నూట యాభైలో ఒక్కదాని దగ్గరే మా ఇద్దరికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా వచ్చిందట. రెండో కన్ను ‘ఎక్కువ’ అని రాసింది. అలాంటప్పుడు ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చుని తేల్చుకోవాలి. ఆ పిల్ల కుర్చీ లాక్కుని నా గదికి వచ్చింది. నూట పదిహేడును నా పక్కన ఇంకొకరు చూడటం ఇదే మొదటిసారి. తెర మీద గుడ్డ కప్పెయ్యాలనిపించింది.

“పంతొమ్మిది సెకన్లు ఊపిరి లేదక్కా. పది దాటితే వదలొద్దని నాకు నేర్పింది మీరే కదా?”

గీతలో అలికిడి ఉందన్నాను. చూపించమంది. పెద్దది చేసి చూపించాను. ఆ పిల్ల తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. “ఇది పక్క గదిలో ఫ్యాను. అన్ని రికార్డుల్లోనూ ఉంది. మీరు రోజూ కత్తిరించేదే” అంది.

 నా ముఖం చూసిందో ఏమో, గొంతు తగ్గించి, “ఇది ఎవరిదో మీకు తెలుసా అక్కా?” అని అడిగింది.

తలనొప్పిగా ఉందని లేచి వచ్చేశాను.

ఆగస్టు 8

‘ఎక్కువ’కు ఒప్పుకుంటే సరిపోతుంది, అడిగేవాళ్లుండరు. కానీ ఒప్పుకుంటే, పదకొండేళ్ల కిందట అది అందరి కళ్లెదుటా ఉన్నట్టే. నేను గది మారకూడదన్నది గీతల్లో రాసిపెట్టి ఉన్నట్టే.

ఆగస్టు 11, ఆదివారం

అమ్మకి చెప్పేశాను. అమ్మ కూర తరుగుతోంది. ఎవరో ఉన్నారనుకున్నావుగా, అది అక్కేనమ్మా అన్నాను. సంతకం దగ్గర్నుంచి ఫ్యాను దాకా మొత్తం చెప్పాను. అమ్మ కత్తి పక్కన పెట్టింది. కోప్పడలేదు, ఏడవలేదు. గుర్తు ఎలా పట్టావని మాత్రం అడిగింది. కాలు ఊపడం గురించి చెప్పాను.

“ఆ మూడు రోజులూ అది కాలు ఊపలేదే,” అంది అమ్మ. “అంతమంది డాక్టర్లు చూస్తుంటారు, ఊపావంటే నామీద ఒట్టేనని వార్డులోకి వెళ్లేముందే చేతిలో చెయ్యి వేయించుకున్నా. మాట నిలబెట్టుకుంది పిచ్చిది. ఇంటికొచ్చి, మూడు రోజుల బాకీ తీరుస్తున్నానని మంచం విరిగేలా ఊపింది.”

లేదమ్మా, నువ్వు లేనప్పుడు ఊపి ఉంటుందన్నాను. నువ్వు చూశావా అంది. ఆ మూడు రోజులూ పక్క కుర్చీలో ఉన్నది నేను. గుర్తు చేసుకుందామని కూర్చున్నాను. అక్క ముఖం గుర్తుంది, వైర్లు గుర్తున్నాయి. దుప్పటి కింద కాలు గుర్తులేదు.

అమ్మకేం తెలుసు. ఫిట్ డెబ్బై నాలుగు సెకన్లు కదా.

ఆగస్టు 12, సోమవారం

పొద్దున్నే డాక్టరమ్మ గదికి వెళ్లి నిలబడే చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నేను రాసినవన్నీ చెత్తబుట్టలోకేనట. మూడో మనిషిని పిలిపించి ఒకటో నంబరు నుంచి మళ్ళీ చదివించాలి, నాలుగు నెలలు వెనక్కి పోయాం అన్నారు. మా వార్డులో నెలకి ఎంతమంది ఇంటికి వెళ్తారో నాకు తెలుసు. వాళ్లలో ఎవరికి ఏం చెప్పి పంపాలో తెలుసుకోవడానికే ఈ పనంతా. ఆ నాలుగు నెలలు నా నెత్తిన ఉన్నాయి.

వెళ్లబోతుంటే పిలిచారు. “ముందే చెప్పి ఉంటే మీ అక్క రికార్డు ఈ పనిలోంచి తీసేసి, నీకు విడిగా చూపించేదాన్ని కదమ్మా” అన్నారు.

ఇంత మాట ఉందని నాకు తట్టనేలేదు. అడిగితే వాళ్లే ఇచ్చే వస్తువును దొంగతనం చేశాను.

ఆగస్టు 13

మళ్ళీ వార్డుకి పంపేశారు. తలలకు జిగురు రాసి వైర్లు అంటించడం, పాత పనే. చదివే గది వైపు వెళ్లకూడదు. జాబితా తెరిచేదాకా అక్కది ఏ నంబరో చెప్పరు. అది న్యాయమే.

సెప్టెంబర్ 20

రెండో కన్ను మెట్ల దగ్గర కనబడి అక్కా అంది. నేను పలికాను.

అక్టోబర్ 17

నూట పదిహేడు చూడాలనుంది. వేళ్లు పీకుతున్నాయి.

డిసెంబర్ 9, సోమవారం

జాబితా తెరిచారు. డాక్టరమ్మ నన్ను పిలిపించారు. లెక్కలాయన కూడా ఉన్నాడు, పెన్ను చెవి మీదే ఉంది.

పోయినవాళ్లు నలభై ఒక్కమంది. వాళ్లలో ఇరవై ఆరుగురికి ‘ఎక్కువ’ అని ముందే పడింది. అంటే గీతలు కొంత చెబుతాయి. మిగతా పదిహేనుగురి దగ్గర ఏమీ చెప్పలేదు.

నూట పదిహేడు అక్క కాదు. ఆ మనిషి బతికే ఉన్నారు. పోయిన నెల పరీక్షకి వచ్చి, మందులు తీసుకుని, ఇంటికి వెళ్లారట. వచ్చినవాళ్లందరికీ వైర్లు అంటించింది నేనే. ఎవరి కాలు ఊగిందో చూడలేదు.

నాకు ముందు కోపం వచ్చింది. ఎవరో తెలియని మనిషి ఎదురుగా కూర్చుని నెల రోజులు అన్నం తిన్నాను. నా ‘హమ్మయ్య’ని ఎవరో పట్టుకుపోయారు. గదిలోంచి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, కోపం పోయేదాకా ఆగాను. అంత ప్రమాదం ఉండి కూడా ఆ ఊపిరి ఇంకా ఆడుతోంది. ఊపుకో తల్లీ, ఊపుకో నాయనా, ఎవరివైనా సరే. నిన్ను ఎవరూ ఆపకుండా ఉండాలి.

తిరిగి లోపలికి వెళ్లి అడిగాను. అక్కది ముప్పై ఎనిమిది.

‘తక్కువ’ అని ఉంది. నా చేత్తో రాసింది అదే, రెండో కన్ను రాసింది అదే, మూడో మనిషి రాసింది కూడా అదే. ఎవరిదో తెలియక, ఏ ప్రేమా అడ్డురాక, నాకు వచ్చిన విద్యంతా పెట్టి చదివాను. నాకేమీ కనబడలేదు. పదిహేనుగురిలో ఒకతి. నేను పక్కన పడుకుని ఉంటే బతికేదా అన్నదానికి గీతల దగ్గర జవాబు లేదు. ఇక దాన్ని అక్కడ వెతకను.

డాక్టరమ్మ కాగితం నా వైపు తిప్పి, కింది గడి చూపించారు. అందులో నా అక్షరాలే. ‘సా. 6:42. ఏడు సెకన్లు. నవ్వు లేక దగ్గు. కండరాల కదలిక. పనికిరాదు, తీసేశాను.’

ఆ పక్కనే పాత వార్డు పుస్తకం తెరిచి ఉంది. మంచం పక్కన ఏం జరిగినా వేళతో సహా నర్సులు అందులో రాస్తారు. చదివేవాళ్లకు చూపించరు. 6:42 ఎదురుగా గుండ్రటి చేతిరాతతో ఇలా ఉంది: ‘చెల్లెలు ఏదో చేసి చూపిస్తోంది. రోగి గట్టిగా నవ్వుతోంది.’

డిసెంబర్ 10

అమ్మకి చెప్పాను. మూడు కళ్లకీ కనబడలేదా అని రెండుసార్లు అడిగింది. తరవాత అక్క గదిలోకి వెళ్లి ఇస్త్రీ బల్ల బయటికి లాగింది. సాయంత్రం చూస్తే నా దిండు అక్కడుంది. 

డిసెంబర్ 14, శనివారం

డాక్టరమ్మ ఒప్పుకున్నారు. పొద్దున పదింటికి అమ్మని తీసుకెళ్లాను. రెండో కన్ను తన గది మాకు వదిలేసి, అమ్మకి మంచి కుర్చీ వేసి, తలుపు దగ్గరకి వేసి వెళ్లింది.

ముప్పై ఎనిమిది పెట్టాను. ఇవి కళ్లు, ఇది గుండె, ఇది ఊపిరి అని చూపించాను. అమ్మ చీర కొంగుతో కళ్లజోడు తుడుచుకుని చూసింది. కాలు ఎక్కడుందంది. లేదమ్మా, నీ ఒట్టే, ఊపలేదన్నాను. చూశావా అన్నట్టు తల ఊపింది.

ఆరూ నలభై రెండు దగ్గరికి వచ్చాం. సన్నగా నడుస్తున్న గీతలన్నీ ఒక్కసారిగా నల్లగా అలుక్కుపోయాయి. తెరలో సగానికి పైగా మసి పులిమినట్టు ఉంది. ఆ తరవాత మళ్ళీ సన్నటి గీతలు.

“ఇదేనమ్మా అక్క నవ్వు,” అన్నాను.

“ఇంత గజిబిజిగానా?”

“ఇంతే. పనికిరాదని నేనే తీసేశాను.”

దేనికి నవ్విందని అడిగింది. ఆ వార్డులో ఒక డాక్టరు ఉండేవాడు, చేతులు వెనక్కి పెట్టుకుని, పొట్ట ముందు నడుస్తుంటే తను వెనకాల వచ్చేవాడు. నేను ఆయనలాగా మంచం చుట్టూ నడిచి, అక్క నాడి పట్టుకుని, నీకేం లేదమ్మా, నీ చెల్లెలికే పిచ్చి అన్నాను. పదకొండేళ్లలో అది నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. వైర్లే గుర్తున్నాయి. అమ్మ నడిచి చూపించమంది. ఆ చిన్న గదిలో లేచి, చేతులు వెనక్కి పెట్టుకుని, కుర్చీ చుట్టూ నడిచాను.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను చూడలేదు. కాసేపటికి వేలితో తెర మీది నల్లటి ముక్కని తాకి, “మళ్ళీ వెయ్యి” అంది.

మళ్ళీ వేశాను.